సముద్రంలో కలిసిపోయిన మనిషిని వెతకడం ఎలా?

రాయ్‌పూర్‌లో బలోదా బజార్ రోడ్డు మీద మోవా అనే పేట ఉంది. అక్కణ్ణుంచి తూర్పు తీరానికి వెళ్లాలంటే కొండలూ అడవులూ దాటుకుంటూ నాలుగు వందల కిలోమీటర్లు పోవాలి. అలాంటి చోట ఉన్న ఒక తెలుగింట్లో సముద్రం గురించి మాట ఎందుకొస్తుంది? కారణం రైలు. మధ్య పరగణాల ఖనిజాలను ఓడల కెక్కించడానికి బెంగాల్ నాగపూర్ రైల్వే వారు వేసిన రాయ్‌పూర్-విజయనగరం మార్గం 1931లో పూర్తయింది. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ విశాఖపట్నం కొత్త రేవులోకి వచ్చింది. ఆ దారిలో సరుకుతో పాటు మనుషులూ అటూ ఇటూ తిరిగారు.

మీ ఇల్లు మోవాలోనే ఉందనుకుందాం. ఒక పండగ పూట మీ అమ్మమ్మ అంటుంది: "మా పెదనాన్న ఓడ మీదికెళ్లాడు. యుద్ధంలో పోయాడన్నారు. శవమైనా రాలేదు." పేరు, ఊరు, ఒక పాత ఫోటో. అంతకుమించి ఆమెకూ తెలియదు. ఎనభై ఏళ్ల నాటి ఆ మనిషి ఎక్కడ, ఎలా పోయాడో మీరు కనుక్కోగలరా?

మొదట అడగవలసిన ప్రశ్న: ఆయన నౌకాదళంలో ఉన్నాడా, సరుకుల ఓడ మీద కూలికి వెళ్లాడా? ఇంట్లో అందరూ 'నేవీ' అనే అంటారు. కాని లెక్క వేరేలా ఉంది. రెండవ ప్రపంచ యుద్ధంలో సముద్రంలో ప్రాణాలు కోల్పోయి, సమాధి కూడా లేని భారతీయ నావికుల స్మారకం ఒకటుంది. అందులో నాటి రాయల్ ఇండియన్ నేవీ వారు సుమారు 400 మంది అయితే, వర్తక నౌకల వారు సుమారు 6,000 మంది. అంటే మరే ఆధారమూ లేనప్పుడు, మీ పెద్దాయన వర్తక నౌక మనిషి కావడానికే పదిహేను రెట్లు ఎక్కువ అవకాశం. ఇంత తేడాకు కారణం ఊహించడం కష్టం కాదు. బ్రిటిష్ వర్తక నౌకల్లో బొగ్గు వేసే పని, ఇంజన్ గది పని చాలావరకు భారతీయుల చేతుల్లో ఉండేది. ఆ గదులు నీటి మట్టానికి దిగువన ఉంటాయి. టార్పెడో తగిలేదీ అక్కడే.

ఫోటోను భూతద్దంతో చూడండి. టోపీ చుట్టూ ఉన్న పట్టీ మీద 'హెచ్.ఎం.ఐ.ఎస్.' అనే అక్షరాలుంటే ఆయన నౌకాదళం వాడే. ఓడ పేరు మాత్రం దొరక్కపోవచ్చు. ఏ ఓడ ఏ రేవులో ఉందో శత్రువుకు తెలియకూడదని యుద్ధకాలంలో టోపీ పట్టీ మీద ఓడ పేరు లేకుండా చేసే పద్ధతి బ్రిటిష్ నౌకాదళంలో ఉండేది.

ఇక తేదీ. పల్లెల్లో తేదీలు గుర్తుండవు, సంఘటనలు గుర్తుంటాయి. "విశాఖ మీద బాంబులు పడ్డ ఏడు" అని అమ్మమ్మ అన్నదంటే మీ చేతికి గట్టి ఆధారం దొరికినట్టే. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ రెండు మూడు రోజుల్లోనే ఒజావా అనే జపాన్ అధికారి నడిపిన నౌకల దండు బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వర్తక నౌకలను ముంచింది. ఆయన కలకత్తాలో ఓడ ఎక్కినట్టు ఇంట్లో చెప్పుకుంటూ ఉంటే, వెతకవలసిన ఓడలు ఆ ఇరవై చిల్లరే. మనిషి కంటే ముందు ఓడను వెతకడం ఎప్పుడూ తేలిక. ఓడకు ఒకే పేరుంటుంది. మనిషి పేరును గుమాస్తా తన చెవికి తోచినట్టు రాసుకుంటాడు!

ఈ పేర్ల గొడవ కొంచెం వివరంగా చెప్పాలి. మన ఇంటిపేరు ముందు వస్తుంది. ఇంగ్లీషు పద్ధతిలో చివరిది ఇంటిపేరు. కాబట్టి మీవాడి పేరు తలకిందులై ఉండవచ్చు, ఇంటిపేరు పూర్తిగా ఎగిరిపోయి తండ్రి పేరు మిగిలి ఉండవచ్చు. ఊళ్ల సంగతి మరీ చిత్రం. విశాఖపట్నం 'విజగపటం', కాకినాడ 'కొకనాడ', శ్రీకాకుళం 'చికాకోల్'. శ్రీకాకుళం జిల్లా అని వెతికితే ఏమీ దొరకదు, ఎందుకంటే ఆ జిల్లా ఏర్పడింది 1950లో. అంతకుముందు ఆ పల్లెలు విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. 1936లో ఒరిస్సా ఏర్పడక ముందైతే కొన్ని గంజాం జిల్లాలో కూడా ఉండేవి.

పేర్ల పట్టిక ఉన్నది కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంఘం దగ్గర. 1917లో స్థాపించిన ఈ సంస్థ పట్టికను ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. అందులో పేరు, హోదా, ఓడ, మరణించిన తేదీ ఉంటాయి. అదృష్టం బాగుంటే తండ్రి పేరూ ఊరూ కూడా. నా సలహా, పేరుతో మొదలుపెట్టవద్దు. తేదీతో, 'బొంబాయి-చిట్టగాంగ్ స్మారకం' అనే మాటతో వెతికి, వచ్చిన పేర్లను ఒక్కొక్కటే పైకి చదవండి. కంటికి అందని పేరు చెవికి అందుతుంది. అమ్మమ్మను పక్కన కూర్చోబెట్టుకుంటే మరీ మంచిది. ఓడ పేరు తెలిస్తే, బ్రిటన్ జాతీయ అభిలేఖాగారంలో ఉన్న యుద్ధకాలపు ఓడల రాకపోకల కార్డులు, సిబ్బంది జాబితాల దాకా పోవచ్చు.

అచ్చులో ఉన్నదంతా నిజమని మాత్రం అనుకోకండి. ఒక ఉదాహరణ చూడండి. రాయల్ ఇండియన్ నేవీకి చెందిన 'పఠాన్' అనే చిన్న గస్తీ నౌక 1940 జూన్ 23న బొంబాయి దగ్గర పేలుడుకు గురై మునిగింది. దాన్ని ఇటలీ జలాంతర్గామి 'గాల్వాని' టార్పెడోతో ముంచిందని చాలా పుస్తకాలు రాశాయి. బాగానే ఉంది. అయితే ఆ గాల్వానిని బ్రిటిష్ నౌక 'ఫాల్‌మత్' ముంచింది ఎప్పుడు? జూన్ 23, 24 తేదీల మధ్య రాత్రి. ఎక్కడ? ఒమన్ సింధుశాఖలో. బొంబాయి నుంచి అక్కడికి సుమారు 1,800 కిలోమీటర్లు. ఆ తరగతి జలాంతర్గామి నీటిపైన పోగల గరిష్ఠ వేగం గంటకు దాదాపు 32 కిలోమీటర్లు. భాగిస్తే 56 గంటలు! జూన్ 23 తొలి నిమిషం నుంచి 24 రాత్రి దాకా లెక్కపెట్టినా 48 గంటలకు మించవు. కనుక గాల్వాని పఠాన్‌ను ముంచి ఉండదు. మైన్ తగిలిందన్న కథనానికే ఎక్కువ బలం ఉంది. ఒక పుస్తకాన్ని చూసి మరొకరు రాస్తూ పోతే పది పుస్తకాలైనా ఒక్క సాక్ష్యమే అవుతుంది. పఠాన్ మీద పోయిన వారి ఇళ్లలో ఎవరో ఒకరు ఆ టార్పెడో కథనే పిల్లలకు చెప్పి ఉంటారు గదా!

స్వాతంత్ర్యం తరువాతి కథ వేరు. 1971 డిసెంబరు 9న డయ్యూ దగ్గర 'ఖుక్రీ' నౌకతో పాటు 18 మంది అధికారులు, 176 మంది నావికులు మరణించారు. వాళ్లెవరో దేశానికి తెలుసు. ఢిల్లీలో 2019లో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం మీద అమరుల పేర్లు చెక్కి ఉన్నాయి. రెండవ ప్రపంచ యుద్ధపు నావికులకు దక్కింది రాతి గోడ కాదు, రెండు పుస్తకాలు. రెండింటిలోనూ అవే పేర్లు. ఒకటి ముంబయిలో, ఇండియన్ సీమెన్స్ హోమ్‌లో ఉంచారు. రెండవది చిట్టగాంగ్‌లో, అంటే ఇప్పుడు మరో దేశంలో.

ఎంత వెతికినా మీ పెద్దాయన పేరు ఆ పట్టికలో కనిపించకపోతే? పొరపాటున విడిచిన పేరును తగిన ఆధారం చూపిస్తే సంఘం ఇప్పటికీ చేర్చుకుంటుంది. ఆయన సైనిక నౌకాదళం వాడైతే మరణించిన తేదీ 1939 సెప్టెంబరు 3కూ 1947 డిసెంబరు 31కీ మధ్య ఉండాలి. వర్తక నౌక మనిషైతే ఆ చావుకు యుద్ధమే కారణమని కూడా చూపించాలి. ఓడలో జ్వరం వచ్చి పోయినవాడు లెక్కలోకి రాడు, ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది. అందుకు కావలసిన కాగితం ఓడ కంపెనీ ఉత్తరం కావచ్చు, ఫించను పత్రం కావచ్చు, ఒక తంతి కావచ్చు. అమ్మమ్మ ట్రంకు పెట్టె అడుగున, చీరల కింద పరిచిన పాత కాగితాలను పారేసే ముందు ఒకసారి తిప్పి చూడండి.