వెలుగుతో గాలిని కడుగుట

వనపర్తి నుండి కొత్తకోట మీదుగా జాతీయ రహదారి చేరి, శంషాబాదులో విమానమెక్కి గల్ఫు దేశములకు పోయివచ్చువారు నేడు మన పల్లెలలో అరుదు కారు. సీటులో కూర్చొని పట్టీ బిగించుకొనగానే నెత్తిమీది చిన్న రంధ్రము నుండి చల్లని గాలి తగులును. తలుపులు మూసిన ఆ గదిలో నూరు నూటయేబది మంది గంటల తరబడి పీల్చు గాలి ఎక్కడిది? పక్కవాడు దగ్గినచో ఆ దగ్గు ఎటు పోవును? 2020లో కరోనా వ్యాపించిన పిదప ఈ ప్రశ్న లోకమంతట వినవచ్చినది. జవాబుగా కొందరు అతినీలలోహిత దీపమును చూపినారు. ఆ వెలుగు కథ విమానము కథకంటె పాతది.

1801లో జర్మనీ దేశస్థుడు రిట్టరు, ఊదారంగునకు ఆవల కంటికి కానరాని కిరణములున్నవని కనుగొనినాడు. 1877లో ఇంగ్లండులో డౌన్సు, బ్లంటు అనువారు పోషక ద్రవము నింపిన గాజుగొట్టములను కొన్నింటిని ఎండలోను, కొన్నింటిని చీకటిలోను ఉంచినారు. చీకటిలోనివి మురిగి మబ్బుగట్టినవి. ఎండలోనివి తేటగా నిలిచినవి. డెన్మార్కు వైద్యుడు ఫిన్సెన్ చర్మక్షయకు వెలుగుతో చికిత్స చేసి 1903లో నోబెల్ బహుమతి నందుకొనినాడు. ఆ దేశస్థుడే యైన డాక్టరు ఫ్రిమోట్ మోలర్ మన మదనపల్లె చెంత ఆరోగ్యవరములో క్షయ ఆసుపత్రిని నడిపినాడు. క్షయకు మందు లేని ఆ కాలములో విశ్రాంతి, మంచి తిండి, ఆరుబయటి గాలి, ఇవియే రోగికి దిక్కు.

సూక్ష్మజీవులను చంపుటలో మిక్కిలి పదునైన కిరణములు ఎండతో మనవరకు రావు. ఆకాశములోని ఓజోను వానిని ఆపివేయును. పాదరసపు ఆవిరి దీపము వానిని పుట్టించును. 254 నానోమీటర్ల ఆ వెలుగు సూక్ష్మజీవి లోపలి జన్యు పదార్థమును చెరచును. పిమ్మట అది పిల్లలు పెట్టజాలదు.

ఈ దీపమును గాలివైపు తిప్పినవాడు అమెరికాలోని విలియం వెల్సు. దగ్గు తుంపరలు కొద్ది దూరములోనే నేలరాలునని నాటి వైద్యుల నమ్మకము. చిన్న తుంపరలు నేల చేరకముందే ఆరి, గంటలకొలది గాలిలో తేలుచుండునని వెల్సు 1934లో ప్రకటించినాడు. ఫిలడెల్ఫియా ప్రాంతపు బడులలో తరగతి గదుల పైభాగమున దీపములు పెట్టించినాడు. 1941లో తట్టు వ్యాపించినపుడు దీపములున్న గదుల పిల్లలు చాలవరకు తప్పించుకొనినారు. అదే ప్రయోగము న్యూయార్కు రాష్ట్రపు పల్లె బడులలో అంతగా ఫలింపలేదు. ఆ పిల్లలు ఒకే బస్సులో కిక్కిరిసి వచ్చుచుండుటయే కారణమని పలువురు చెప్పినారు. వెల్సు ఖ్యాతికి ఇది దెబ్బయే గాని, నాకు మాత్రము ఆ బస్సు సంగతియే అన్నిటికంటె విలువైనదిగా తోచును. గదిలో దీపము వెలుగుచుండగా రోగము బండిలో ప్రయాణము చేసినది!

పిదప వెల్సు, ఆయన శిష్యుడు రిచర్డు రైలీ బాల్టిమోరు ఆసుపత్రిలో క్షయరోగుల గదిలోని గాలిని గొట్టముల ద్వారా మేడమీది గినీ పందుల బోనులకు పంపినారు. మామూలు గాలి పీల్చిన వానిలో అనేకమునకు క్షయ సోకినది. అతినీలలోహిత దీపముల నడుమగా పోయిన గాలి పీల్చిన వానిలో ఒక్కటియు రోగము పాలు కాలేదు. 1960ల తొలినాళ్లకు ఇది తేలిపోయినది. అయినను క్షయకు మందులు దొరకుటతో లోకము గాలి మాట మరచినది.

1977లో అలాస్కాలో ఒక విమానము ఇంజను చెడి మూడు గంటలు నేలపై నిలిచిపోయినది. గాలి యంత్రము పనిచేయలేదు. లోపల 54 మంది. వారిలో ఒకరికి ఇన్‌ఫ్లూయెంజా. మూడు దినములలో ప్రయాణికులలో నూటికి 72 మంది జబ్బుపడినారు. రోగి ఒక్కరే, కదలని గాలి ఆ ఒక్కరి రోగమును అందరికిని పంచిపెట్టినది.

ఎగురుచున్న పెద్ద విమానములో స్థితి వేరు. లోపలి గాలి రెండు మూడు నిమిషములకొక పర్యాయము మారును. అందు సుమారు సగము బయటిది. తక్కిన సగము హెపా అను సన్నని వడపోతలో జల్లించబడి తిరిగి వచ్చును.

2020లో హైదరాబాదులోని రక్షణ పరిశోధన సంస్థవారి ఇమారత్ కేంద్రము సెల్‌ఫోనులు, నోట్లు శుద్ధిచేయు అతినీలలోహిత పెట్టెను తయారుచేసినది. ఆ సంస్థవారే ఢిల్లీలో 43 వాట్ల దీపములు ఆరింటితో ఒక స్తంభమును నిర్మించినారు. పన్నెండడుగుల చదరపు గదికి దానికి పది నిమిషములు చాలును. 2021లో ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ వారు ఢిల్లీలో దీపములు మోయు మరయంత్రమును విమానపు సీట్ల నడుమ నడిపించినారు. అయితే ఇవి మనుష్యులు లేనపుడు వెలిగించవలసినవి. ఆ వెలుగు కంటికి, చర్మమునకు హాని. పైగా నీడ పడినచోట అది పనిచేయదు. ప్రయాణికుడు దిగిన పిదప సీటును శుద్ధిచేయును గాని, అతడు కూర్చున్నపుడు విడిచిన ఊపిరిని అది తాకదు. పత్రికలలో ఫొటోలు పడినది దీపమునకు. పనిచేసినది మాత్రము పంకాయును వడపోతయును.

వెల్సు, రైలీలు చేసినట్లు దీపమును గాలి గొట్టములోనే అమర్చు పద్ధతి మన దేశమునకు వచ్చినది. చండీగఢ్‌లోని కేంద్ర పరిశోధనాలయము రూపొందించిన అట్టి ఏర్పాటును 2021లో పార్లమెంటు భవనములో పెట్టినారు. అక్కడ దీపము మనుష్యులకు కానరాదు, గాలి దాని ముందునుండి పోవును. పెద్ద విమానములలో ఆ చోటును ఇదివరకే హెపా వడపోత ఆక్రమించుకొనియున్నది.