వేటవిల్లు: దాని ఎన్నిక, దాని మర్యాద

బెంగుళూరు పాతపేటలో మన నగర్తపేట ప్రాచీనమైన భాగము. నగర్తలను వర్తకుల మూలమున దీనికాపేరు వచ్చినది. ఇచ్చటి ధర్మరాయస్వామి ఆలయమున పాండవులు ద్రౌపదీసమేతులై పూజలందుకొందురు. ఏటేట చైత్రపౌర్ణమి రాత్రి కరగము ఈ గుడినుండియే బయలుదేరును. కత్తులు ధరించిన వీరకుమారులు దాని వెంట నడతురు. తెలుగు, కన్నడము, తమిళము ఒకే వీధిలో వినవచ్చు ఆ రాత్రి పాండవుల పేరు తలపనివారుండరు. పాండవులనగా అర్జునుడు, అర్జునుడనగా విల్లు మన మనసున మెదలును.

అయితే ఆ విల్లు ఎట్టిది? ఏ కర్రతో చేసిన విల్లు మేలు? యుద్ధమునకు తగినది వేటకును తగునా? నేడు మనలో ఎవ్వరును వేటాడువారు గారు, వేటాడుట తగదు గూడ. కాని వేటవిల్లును ఎన్నుకొను నేర్పు వేల సంవత్సరములు మన జాతులకు అన్నము పెట్టిన విద్య. ఆ విద్య ఏమైనదో, అందులో మనకు మిగిలినది ఏమో విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

మొదట భారతమునే చూతము. పదునొకండవ శతాబ్దమున నన్నయభట్టు తెనిగించిన అరణ్యపర్వభాగమున కిరాతార్జునీయ కథ గలదు. తపస్సు చేయుచున్న అర్జునునిపైకి మూకాసురుడు పందిరూపమున వచ్చును. అర్జునుడును, కిరాతవేషమున నున్న శివుడును ఒకేసారి దానిని కొట్టుదురు. మృగము నాదన నాదని వాదము పుట్టును. ఇది వట్టి జగడము గాదు. ఒకడు గురిపెట్టిన మృగమును మరియొకడు కొట్టరాదన్నది వేటగాండ్ర ధర్మము. ఆ ధర్మము మీదనే వారిరువురును వాదులాడిరి. తుదకు గాండీవమంతటి విల్లు చేతనుండియు అర్జునుని అమ్ములపొది ఖాళీయయ్యెను. అడవిలో విల్లు గొప్పదైనంత మాత్రమున చాలదని ఈ కథ చెప్పుచున్నది.

మరి చాలునది ఏది? శాస్త్రగ్రంథములలో మొదట పేర్కొనదగినది కౌటిల్యుని అర్థశాస్త్రము. ఈ గ్రంథమును లోకమునకు అందించిన గౌరవము మనము నివసించు ఈ కన్నడదేశమునదే. మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున తాళపత్రప్రతిని ఆర్. శామశాస్త్రిగారు 1905లో గుర్తించి, 1909లో ముద్రింపించిరి. అందు ఆయుధాగారాధ్యక్షుని ప్రకరణమున విండ్ల జాతులు చెప్పబడినవి. తాటికర్ర, వెదురు, ఇతర దారువులు, కొమ్ము అని విల్లు చేయు వస్తువులు నాలుగు. కార్ముకము, కోదండము, ద్రూణము, ధనుస్సు అని పేర్లు. మన రామాలయములలో కోదండరాముడని పిలుచునప్పుడు ఈ పేర్లలో ఒకదానిని మనకు తెలియకయే పలుకుచున్నాము. అల్లెత్రాటికి చాగ, జిల్లేడు, జనుము మొదలైన వాని నారయు, వెదురుబద్దయు, జంతువుల నరమును తగునని ఆ గ్రంథము తెలుపుచున్నది. ఇవన్నియు మన దేశపు చేలగట్లపైనను, అడవులలోను దొరకు వస్తువులే.

కొమ్మువిల్లును తెలుగున సింగిణి యందురు. శృంగమను సంస్కృతపదమునుండి వచ్చిన పేరది. కొమ్మును, కర్రను, నరమును జిగురుతో అదికి చేసిన ఈ జాతి విల్లు పొట్టిదైనను మిక్కిలి బలముగలది. గుర్రముపై నుండి వేయుటకు తగినది. రాజుల చేత ఉండవలసినదే గాని, వానలో తడిసిన జిగురు సడలును. నాలుగు నెలలు తేమతో నిండియుండు అడవిలో తిరుగువానికి ఇది పనికిరాదు. చెడిన సింగిణిని బాగుచేయుటకు నగరములోని పనివాడు కావలెను. అడవివాడు తాను తిరుగుచోట దొరకు కర్రతో, తన కత్తితో, తానే చేసికొనదగిన విల్లునే కోరును. వేటవిల్లు ఎన్నికలో ఇది మొదటి సూత్రము.

మన అడవులలో అట్టి కర్రలు రెండు ముఖ్యములు. ఒకటి సాధనపు వెదురు. ఇది లోపల బోలు తక్కువయై గట్టిగా నుండును. రెండవది తడచెట్టు. దీనినే చరచి యనియు అందురు. వంచిన వంగి విడిచిన మరల నిటారగు గుణము దీని కర్రకు మెండు. అందువలననే సంస్కృతమున దీనికి ధనుర్వృక్షమని పేరు వచ్చినది. కన్నడమున దీనిని తడసలు అందురు. నల్లమలలో తెలుగువాడు తడ యనినను, సహ్యాద్రిలో కన్నడిగుడు తడసలనినను చూపునది ఒకే చెట్టును.

నల్లమలలోని చెంచులు విల్లమ్ములతో జీవించిన వారిలో ప్రసిద్ధులు. హైమండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు వారి నడుమ నివసించి వ్రాసిన గ్రంథము 1943లో వెలువడినది. చెంచుల జీవనమునకు దుంపలు, పండ్లు, ఆకులే ప్రధానాధారమనియు, వేట దానికి తోడు మాత్రమే యనియు ఆ గ్రంథమువలన తెలియుచున్నది. విల్లు వారు స్వయముగా చేసికొందురు. ఇనుప ములికి మాత్రము మైదానపు కమ్మరులనుండి రావలెను. అడవికిని ఊరికిని గల సంబంధము ఆ చిన్న ములికిలో కనబడుచున్నది.

ఇక రెండవ సూత్రము: విల్లు మనిషికి సరిపోవలెను. అల్లెను పూర్తిగా లాగి, చేయి వణకక నిలిపి, గురిచూచి విడువగలిగినంత బిగువు గల విల్లే అతని విల్లు. అంతకు మించినది గొప్పకు పనికివచ్చును గాని వేటకు గాదు. పొదచాటున ముడుచుకొని కూర్చున్నవానికి మరీ పొడుగైన విల్లు కొమ్మలకు తగులును. మరీ పొట్టిదైనచో ఎక్కువ లాగినప్పుడు విరుగును. మూడవ సూత్రము: అమ్ము వింటికి సరిపోవలెను. కోల తేలికయైనచో గాలికి తొలగును. బరువైనచో త్వరగా వాలును. కోల మరీ మెత్తనిదైనచో అల్లె విడిచినంతనే వంకరపోవును. శరమను సంస్కృతపదమునకు రెల్లు అనియు బాణమనియు అర్థములుండుటను బట్టి మొదటి కోలలు ఏ గడ్డినుండి వచ్చెనో ఊహింపవచ్చును. వెనుక కట్టిన గరులు అమ్మును తిన్నగా నడపును.

ఇచ్చట ఒక సందేహము రావచ్చును. చేతితో లాగి నిలుపు శ్రమ లేకుండ, లాగిన అల్లెను కొక్కెమునకు తగిలించి, మీట నొక్కి విడుచు యంత్రపువిల్లు ఉన్నది గదా! ఇంగ్లీషువారు క్రాస్‌బో అను దానిని మనము అడ్డవిల్లు అందము. చీనాదేశమున క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దమునాటి చిన్ చక్రవర్తి సమాధిచెంత మట్టిసైనికులతో పాటు అడ్డవిండ్ల భాగములు దొరకినవి. ఐరోపాలో ఇది ఎంత భయము పుట్టించెననగా, 1139లో రోమునగరమున జరిగిన క్రైస్తవమహాసభ క్రైస్తవులపై దీనిని ప్రయోగింపరాదని శాసించెను. అయినను ఇంగ్లండురాజు మొదటి రిచర్డు 1199లో అడ్డవిల్లు దెబ్బతోనే మరణించెను. మన దక్షిణదేశమును దీనిని ఎరుగకపోలేదు. మద్రాసు మత్స్యశాఖకు అధిపతిగా నుండిన జేమ్స్ హార్నెల్ 1924లో దక్షిణభారతపు అడ్డవిండ్లను గూర్చి వ్యాసము ప్రకటించెను.

మరి మన అడవులలో ఇది చేతివిల్లును ఏల త్రోసివేయలేదు? గుణదోషములను పోల్చి చూచిన మాకు తోచు కారణములివి. అడ్డవింటికి అభ్యాసము తక్కువ చాలును. లాగిన అల్లెను ఎంతసేపైనను నిలిపియుంచవచ్చును. కాని చేతివింటి అల్లె చెవిదాక సాగును. పాత అడ్డవిండ్ల అల్లె కొన్ని అంగుళములే కదలును. ఆ కొరత తీరుటకు దానిని ఎన్నోరెట్లు బిగువుగా చేయవలెను. అప్పుడు చేతితో లాగుట కష్టమై, కొన్నిటికి చక్రములు, మీటలు కావలసివచ్చెను. బరువు పెరిగెను. ఒక అమ్ము వేసి మరియొకటి ఎక్కుపెట్టులోపల చేతివిల్లుగాడు రెండు మూడు వేయును. నేడు అమెరికా వంటి దేశములలో అనుమతిపత్రముతో అడ్డవింటి వేట సాగుచున్నది. అచ్చట కొనువారును బిగువెంత, అమ్ము బరువెంత, మోయుటకు వీలెంత యనియే విచారింతురు. యంత్రము మారినను ప్రశ్నలు చెంచువాని ప్రశ్నలే.

వీనికి మించిన నాలుగవ సూత్రము గలదు. అది మర్యాదకు సంబంధించినది. విల్లు దూరమునుండి చంపు తుపాకి గాదు. వేటగాడు మృగమునకు దగ్గరకు పోవలెను. దాని నడక, నీటిరేవు, గాలివాలు తెలిసికొనవలెను. దెబ్బతిన్న మృగము వెంటనే పడదు. దాని నెత్తుటిజాడ పట్టి వెంబడించి, బాధ ముగించుట అతని బాధ్యత. తన చేతికి లొంగని విల్లును ఎన్నుకొన్నవాడు మృగమును గాయపరచి విడుచును. విల్లును తగినట్లు ఎన్నుకొనుట మృగముపట్ల చూపవలసిన కనికరములో మొదటి మెట్టు.

వేట ఎంత ప్రమాదకరమో తెలుపు శిల మన బెంగుళూరులోనే ఉన్నది. కస్తూర్బారోడ్డులోని ప్రభుత్వ మ్యూజియమున ఆతకూరు శాసనశిలను చూడవచ్చును. ఇది 949-950 నాటిది. గంగరాజు బూతుగుని సామంతుడగు మణలేరుడు, రాజు ఇచ్చిన కాళి యను వేటకుక్క అడవిపందితో పోరాడగా, రెండును చనిపోయినందున ఆ కుక్క పేర రాయి నిలిపించెను. పందిని ఎదుర్కొనుట ఒక్క వింటితో తీరునది కాదనియు, తోడు వచ్చిన ప్రాణిని మరువరాదనియు ఆ రాయి చెప్పుచున్నది.

వేటగాని విల్లు భక్తికిని వాహనమయ్యెను. పదునారవ శతాబ్దపు ధూర్జటి శ్రీకాళహస్తిమాహాత్మ్యమున తిన్నని కథ చెప్పెను. ఆ బోయవాడే కన్నప్ప. 1954లో రాజ్‌కుమార్ కథానాయకుడుగా కన్నడమున బేడర కణ్ణప్ప చిత్రము వచ్చెను. ఆ సంవత్సరమే తెలుగున కాళహస్తి మాహాత్మ్యము వెలువడెను. అందును ఆయనయే కన్నప్ప. ఆయన నటించిన తెలుగుచిత్రము అదొక్కటే. మన నగరములో రెండు భాషలవారును ఒకే వేటగానికి చేతులెత్తి మ్రొక్కిరి.

అటుపిమ్మట కాలము మారెను. అడవులు తరిగినవి, తుపాకులు మృగములను అంతరింపజేయు స్థితి తెచ్చినవి. 1972లో వన్యప్రాణిసంరక్షణచట్టము వచ్చెను. నల్లమలలోని నాగార్జునసాగర్ - శ్రీశైలము ప్రాంతము 1983లో పులుల రక్షణపథకమున చేరెను. 2006 నాటి అటవీహక్కులచట్టము ఆదివాసులకు భూమిపైనను, అటవీఫలములపైనను హక్కు లిచ్చెను గాని వేటహక్కును స్పష్టముగా మినహాయించెను. ఇది న్యాయమే. మృగములే లేని అడవిలో వేటగాని విద్యకును అర్థముండదు. అయినను చట్టము వేటను నిలుపగా, వేటతోపాటు నేర్చిన చెట్టు ఎన్నిక, నార ఎన్నిక, కోల ఎన్నిక ఎవరి చేతిలో నిలువవలెను? ఏ నారకు బలమెక్కువో తెలిసిన ముసలివాని జ్ఞానము నేరము గాదు గదా.

కొంత నిలిచియున్నది. సంక్రాంతి పిదప అహోబిల నరసింహస్వామి పార్వేటకు బయలుదేరి, సుమారు నలువది దినములు పల్లెలలో సంచరించును. చెంచులక్ష్మిని పెండ్లాడిన స్వామి వారికి అల్లుడు. అందుచేత ఆ ఉత్సవమున చెంచులు విల్లమ్ములతో పాల్గొందురు. ఇక క్రీడారంగమున విజయవాడ ఆడపడుచు వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో విలువిద్యయందు మూడు స్వర్ణపతకములు గెలిచెను. ఆమె వాడునది కప్పీలు గల నవీనపు విల్లు. అయినను మన దేశమున క్రొత్తగా నేర్చు పిల్లలు అనేకులు నేటికిని వెదురువిల్లుతోనే ప్రారంభించుచున్నారు.

మనవంటి కుటుంబములకు మిగిలినది మాట. తరతరములుగా ఈ పేటలో స్థిరపడిన మన పిల్లలు బడిలో కన్నడమును, ఇంగ్లీషును చదువుదురు. ఇంట తెలుగు పలుకుదురు. ఉండేలు అను మాటనే తీసికొనుడు. ఇది మొదట ఉండవిల్లు, అనగా మట్టి ఉండలను విసరు విల్లు. నేడు పంగలకర్రకు రబ్బరు కట్టిన ఆటవస్తువునకు ఆ పేరు మిగిలినది. విల్లు పోయినను మాట బ్రతికెను. మనది విల్లు, కన్నడమున బిల్లు. మనది అమ్ము, కన్నడమున అంబు. మనది వేట, వారిది బేటె. వెదురు బిదిరు. పిల్లవాడు ఈ జతలను ఒక్కసారి వినిన చాలును, తాను మాట్లాడు రెండు భాషలు పరాయివి గావని గ్రహించును.

కావున పెద్దలకు మా విన్నపము. ఒక ఆదివారము పిల్లలను మ్యూజియమునకు కొనిపోయి కాళి రాయిని చూపుడు. లాల్‌బాగునకు పోయినప్పుడు వెదురుపొదల చెంత నిలిచి గట్టి వెదురునకును బోలు వెదురునకును గల భేదము తెలుపుడు. కరగము రాత్రి అర్జునుని కథ చెప్పునప్పుడు అల్లె, ములికి, గరి, అమ్ములపొది అను మాటలు వాడుడు. అర్థము అడిగినచో విసుగక చెప్పుడు. నల్లమల చెంచువాడు విల్లు విడిచినను తడచెట్టు పేరు విడువలేదు. ఆ పేరు మన ఇండ్లలోను వినబడుగాక.