పని నేర్చుకునే పిల్లకూ హక్కులున్నాయి



ధర్మవరంలో పట్టుచీర నేయడం తరతరాలుగా ఇంట్లోనే నేర్చుకునే చదువు. తల్లి పక్కన కూర్చుని కండెలు చుట్టడంతో మొదలవుతుంది. తెగిన పోగు అతకడం వస్తుంది. చివరికి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టే రోజూ వస్తుంది. ఇంట్లో నేర్చుకున్నంతకాలం హక్కుల మాట ఎవరికీ తోచదు. పిల్ల పరాయివారి దగ్గర పని నేర్చుకోవడానికి వెళ్ళినప్పుడే, ఆయన నేర్పుతున్నాడా, ఊరికే చేయించుకుంటున్నాడా అనే ప్రశ్న పుడుతుంది. ఈ ప్రశ్నకు చట్టం చెప్పిన జవాబు ఎన్ని మలుపులు తిరిగిందో ఇవాళ చెప్పుకుందాం.

మన దేశంలో మొదట 1850లో, కుంఫిణీ ప్రభుత్వ కాలంలో, అప్రెంటిసుల చట్టం వచ్చింది. అనాథలకూ బీదపిల్లలకూ ఏదో ఒక వృత్తి నేర్పించాలని దాని ఉద్దేశం. 10 ఏళ్ళు దాటి, 18 నిండని బిడ్డను తండ్రిగాని, సంరక్షకుడుగాని ఒక యజమానికి ఒప్పజెప్పవచ్చు. గడువు 7 ఏళ్ళకు మించరాదు. మగపిల్లవాడికి 21 ఏళ్ళు నిండితే ఒప్పందం ముగుస్తుంది. మరి ఆడపిల్లకో? పెళ్ళి అయ్యేదాకానట! చూశారా, ఆడపిల్ల నేర్చుకునే విద్యకు కూడా పెళ్ళే హద్దు.

అప్పు తీసుకుని, దానికి బదులుగా పిల్లల్ని పనికి పెట్టడం కూడా ఆ రోజుల్లో ఉండేది. 15 ఏళ్ళలోపు పిల్లల శ్రమను అలా తాకట్టు పెట్టే ఒప్పందం చెల్లదని 1933లో చట్టం చేశారు. తాకట్టు పెట్టిన తల్లిదండ్రులకు 50 రూపాయలు, పెట్టుకున్నవారికి 200 రూపాయల దాకా జరిమానా. పిల్లల పనికి న్యాయమైన కూలి తప్ప ఇంకే లాభమూ ఆశించకూడదు. వారం నోటీసుతో పని మానుకునే వీలుండాలి.

అసలు మార్పు 1961 అప్రెంటిసుల చట్టంతో వచ్చింది. 1962 మార్చి 1న అమలులోకి వచ్చి, 1850 నాటి చట్టాన్ని రద్దు చేసింది. పెళ్ళి మాట పోయింది. వ్రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలి, దాన్ని నమోదు చేయించాలి. పిల్ల మైనరైతే సంరక్షకులు సంతకం చేయాలి. నెలనెలా స్టైపెండు ఇవ్వాలి. 2019లో దాని కనీస మొత్తాన్ని చదువునుబట్టి 5,000 నుంచి 9,000 రూపాయలదాకా నిర్ణయించారు. శిక్షణలో దెబ్బ తగిలితే పరిహారం ఉంది. అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనుమతి లేకుండా ఓవర్‌టైము చేయించకూడదు. తగవు వస్తే తీర్చేదీ ఆ అధికారే. డిగ్రీ, డిప్లొమా చదివిన ఇంజనీర్లను కూడా 1973లో ఈ చట్టంలోకి తెచ్చారు.

అయితే ఇందులో ఒక మెలిక ఉన్నదమ్మా. చట్టం దృష్టిలో అప్రెంటిసు కార్మికురాలు కాదు, శిక్షణ పొందే మనిషి. ఒప్పందంలో వ్రాసి ఉంటే తప్ప, శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం లేదు. "తర్వాత పర్మనెంటు చేస్తాంలే" అన్న నోటిమాటను నమ్మి సంతకం పెట్టకూడదు.

ఇప్పుడు మన పక్కనే చూడండి. హిందూపురం దగ్గర తూముకుంటలో పారిశ్రామికవాడ ఉంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. డిప్లొమా చదివే పిల్లలు చదువులో భాగంగా పారిశ్రామిక శిక్షణకు వెళుతున్నారు. అలా కాలేజీ పంపిన శిక్షణ వేరు, అప్రెంటిసు ఒప్పందం వేరు. ఒప్పందం లేని శిక్షణకు ఈ చట్టం చెప్పిన స్టైపెండు వర్తించదు. అందుచేత ఏ పద్ధతిలో వెళుతున్నదో ముందే అడిగి తెలుసుకోవాలి.

ఒక రక్షణ మాత్రం ఇద్దరికీ ఉంది. పనిచేసే చోట లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ట్రైనీని, అప్రెంటిసును పేరు పెట్టి మరీ ఉద్యోగినుల లెక్కలో చేర్చింది. ఏ పేరుతో పిలిచినా సరే, రక్షణ రక్షణే. 10 మంది, అంతకు మించి పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అంతకన్నా చిన్నచోట్ల జిల్లాలోని స్థానిక కమిటీకి చెప్పుకోవచ్చు. ఫిర్యాదు వ్రాతపూర్వకంగా, సాధారణంగా 3 నెలల్లోపు ఇవ్వాలి.

పిల్ల బయలుదేరేముందు డబ్బా కట్టి ఇస్తాం, జాగ్రత్తలు చెబుతాం. ఆ కాగితం కూడా ఒకసారి తెచ్చి చూపించమని అడుగుదాం. ఏ పని నేర్పుతారు, ఎన్ని నెలలు, ఎంత ఇస్తారు, కష్టం వస్తే ఎవరికి చెప్పుకోవాలి - ఈ నాలుగూ అందులో ఉన్నాయో లేవో తల్లీకూతుళ్ళు కలిసి చదువుకోండి. 1850లో పిల్లను ఒప్పజెప్పేవారు. ఇవాళ ఒప్పుకునేది పిల్లే. దేనికి ఒప్పుకుంటున్నదో ఆమెకు తెలియాలి కదా!