కృష్ణా డెల్టా వాతావరణం: ప్రయాణికులకు కాలాల వివరం

విజయవాడ నుంచి బందరుకు సుమారు 70 కిలోమీటర్లు. ఇది ఏమంత దూరం కాదు, అయినా మే నెలలో ఈ రెండు ఊళ్ల ఎండ వేరు. కొండల నడుమ ఉన్న విజయవాడలో పడమటి వడగాలులకు ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే, కొన్నేళ్లలో 45 కూడా దాటుతుంది. బందరులో సముద్రపు గాలి వేడిని కొంత తగ్గిస్తుంది కానీ ఉక్కపోత వదలదు. రోహిణి కార్తెలో విజయవాడ దుర్గమ్మ కొండ మెట్లెక్కేవారు తెల్లవారుజామునే బయల్దేరాలి. ముంజలకూ నూజివీడు మామిడికీ మాత్రం ఎండాకాలమే అదను.

జూన్‌లో నైరుతి రుతుపవనాలు వస్తాయి. ఏడాది వానలో ఎక్కువ భాగం వీటిదే. అయితే ఇక్కడ మబ్బు ఒక్కటీ చూసుకుంటే చాలదు. కృష్ణ పుట్టిన మహాబలేశ్వరం వైపు పడమటి కనుమల్లో భారీ వర్షాలు కురిసి, ఆలమట్టి, శ్రీశైలం, నాగార్జునసాగర్ నిండి గేట్లెత్తితే, విజయవాడలో ఎండ కాస్తున్న రోజునా ప్రకాశం బ్యారేజీ దగ్గర నది పోటెత్తుతుంది. విజయవాడను ముంచే బుడమేరు వాగు తీరు వేరు. మైలవరం వైపు కొండల్లో పడిన వాన గంటల్లోనే దానిలోకి దిగుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో రెండూ ఒకేసారి పొంగాయి. బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది, విజయవాడలోని సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. అందుకే ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వచ్చేవారు వాన కబురుతో పాటు ఎగువ ప్రాజెక్టుల నీటిమట్టం కూడా తెలుసుకోవడం మంచిది. దసరా తెప్పోత్సవం సైతం నది దయ మీదే ఆధారపడుతుంది. వరద ఎక్కువగా ఉన్న ఏళ్లలో హంస వాహనాన్ని నదిలో విహరింపజేయకుండా ఒడ్డునే పూజలు జరిపారు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల భయం. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమ, ఆ చుట్టుపక్కల వేలమంది చనిపోయారు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపానుకు కోతల వేళ వరి నీట మునిగింది. హెచ్చరిక ఉన్నప్పుడు హంసలదీవి, మంగినపూడి ప్రయాణాలు వాయిదా వేసుకోవాల్సిందే.

డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా తిరగడానికి అన్నిటికన్నా అనువైన కాలం. కొల్లేరు అంచున ఆటపాకలో గూడబాతులు కనిపిస్తాయి, కూచిపూడికీ కొండపల్లికీ ఎండ బాధ లేకుండా వెళ్లిరావచ్చు. ఉత్తరాది చలి ఇక్కడ ఉండదు, పల్చటి స్వెట్టరు చాలు. పొలాల మీద మంచు దట్టంగా పట్టిన తెల్లవారుజాముల్లో మాత్రం కాలువ గట్ల రోడ్ల మీద బండి నెమ్మదిగా నడపాలి.