పేరు తెలియని జబ్బుకు వైద్యం

2020 డిసెంబరు 5, శనివారం. ఏలూరు వన్‌టౌన్‌లో అప్పటిదాకా బాగానే ఉన్న మనుషులు ఉన్నట్టుండి కుప్పకూలారు. కళ్లు తేలేశారు. నోట నురగ, మూడు నాలుగు నిమిషాలు ఫిట్స్. పిల్లలూ పెద్దలూ తేడా లేదు. ప్రభుత్వాసుపత్రికి ఒకరి వెనక ఒకరు.

ఆ రాత్రి వార్డులో మాటలు ఇలా నడిచి ఉంటాయి. సంభాషణ నా ఊహ. తేదీలు, లక్షణాలు కావు.

"చేతిలో తాళాలు పెట్టండి డాక్టరుగారూ!"

"వద్దమ్మా, మీరు కాస్త జరగండి." పెద్ద డాక్టరు కుర్ర డాక్టరు వైపు తిరిగాడు. "పక్కకి తిప్పవయ్యా, నురగ బయటికి పోవాలి. నోట్లో ఏమీ పెట్టకు. టైమ్ చూసుకో. సిస్టర్, షుగర్ చూశారా?"

"చూశానండి, బానే ఉంది."

"మిడాజోలామ్ ఎక్కించండి."

"ఏ జబ్బో తెలీకుండానే, సార్?"

"పేరు ల్యాబ్‌వాళ్లు చెబుతారు. ముందు ఈయనకి ఊపిరాడాలి. టార్చి వేసి కనుపాపలు చూడు. ఒంటి వాసన కూడా చూడు."

వాసనెందుకంటే, వరిచేల మధ్య పనిచేసిన డాక్టరుకి పురుగుమందు తాగిన కేసు గుమ్మంలోనే తెలిసిపోతుంది. వెల్లుల్లిలాంటి ఘాటు, సూదిమొనంత కనుపాప, ఆగని చొంగ. ఆ గుర్తులుంటే అట్రోపిన్. లేకుండా ఇస్తే కొత్త తంటా. పుస్తకంలో ఇదంతా ఒక్క పేరా. ముక్కుకి పట్టాలంటే ఎన్నో నైట్ డ్యూటీలు కావాలి. (తాళాలతో పాటు ఉల్లిపాయ వైద్యమూ మన దగ్గర పోలేదు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టంతా ముక్కు దగ్గర పెట్టినా ఫిట్స్ ఆగవు. వాటంతటవి ఆగితే పేరు మాత్రం ఉల్లిపాయకి.)

కొద్ది రోజుల్లో బాధితులు 500 దాటారు. ఒకరు చనిపోయారు. కోవిడ్ కాదని తేలింది. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పింది. నెల మధ్యకొచ్చేసరికి నిపుణుల వేలు పురుగుమందుల అవశేషాల వైపు తిరిగింది. అవి ఒంట్లోకి ఎలా చేరాయో మాత్రం తేలలేదు. ఈలోగా చాలామంది కోలుకుని ఇళ్లకి వెళ్లిపోయారు. వాళ్లని నిలబెట్టింది రిపోర్టులు కాదు, మంచం పక్కన నిలబడ్డ అనుభవం.

2023లో ఏలూరుకి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. 150 సీట్లు. ఆ వారం డ్యూటీ చేసిన డాక్టర్లు, సిస్టర్లు రిటైరైపోకముందే పిలిచి, కేసులు ఒక్కొక్కటే విద్యార్థులకి చెప్పించండి.