గుంటూరు గ్రహణం, ఆకాశంలో ఎరుపు

గ్రహణం అనగానే మనం ఊరగాయ జాడీల మీద దర్భపోచలు వేసి, తలుపులు మూసుకుంటాం. కాని 1868 ఆగస్టు 18న పట్టిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికే కొందరు పనిగట్టుకుని మన ప్రాంతానికి వచ్చారు. ఫ్రాన్సు నుంచి జాన్సెన్, ఫోటో సామగ్రితో మేజరు టెన్నంట్ గుంటూరులో దిగారు. మద్రాసు నక్షత్రశాల అధికారి పోగ్సన్ బందరులో కాచుకున్నారు.

సూర్యుడు అయిదు నిమిషాలకు పైగా మరుగుపడ్డాడు. అంచున ఎర్రటి నాలుకలు కనిపించాయి. జాన్సెన్ ఆ వెలుగును స్పెక్ట్రోస్కోపుతో విడదీసి చూస్తే విడివిడిగా మెరిసే గీతలు! అది వేడికి వెలిగే హైడ్రోజన్ వాయువని తేలింది. మర్నాడు గ్రహణం లేకుండానే ఆయన ఆ గీతల్ని మళ్ళీ చూశారు.

అదే హైడ్రోజన్ చుక్కల మధ్య మేఘంలా పరుచుకుని కూడా వెలుగుతుంది. దాన్ని నీహారిక అంటారు. ధనుర్మాసం రాత్రుల్లో వరుసగా మూడు చుక్కలు కనిపిస్తాయి చూడండి, వాటికి దగ్గరలోనే ఓరియన్ నీహారిక ఉంది. దూరం సుమారు 1,300 కాంతి సంవత్సరాలు. అంటే వేంగిలో తూర్పు చాళుక్యులు ఏలుతున్నప్పుడు బయలుదేరిన వెలుగు ఇప్పుడు మన డాబా మీదికి చేరుతోందన్నమాట!

మరి టెన్నంట్ నాడే దాన్ని ఫోటో తీయలేదేం అంటారా? అప్పటి గాజుపలకకు మందు పూసి, తడి ఆరకముందే ఫోటో తీసెయ్యాలి. కల్లాపి ఆరిన వాకిట్లో ముగ్గు నిలవనట్టే, పలక ఆరితే బొమ్మ పడదు. సూర్యుడి వెలుగుకు ఆ కాసేపు చాలు, నీహారికకు చాలదు. పొడిపలకలు వచ్చాకే వీలైంది. 1880లో న్యూయార్కు డాక్టరు హెన్రీ డ్రేపర్ 51 నిమిషాలు కాచుకుని తొలి ఫోటో తీశారు. 1883లో ఇంగ్లండులో కామన్ అనే ఇంజనీరు ఇంటి తోటలోని టెలిస్కోపుతో తీస్తే, కంటికి అందని చుక్కలు కూడా పడ్డాయి. ఇద్దరికీ అది జీతం కోసం చేసే పని కాదు, సరదా.

టెలిస్కోపులో మన కంటికి నీహారిక బూడిదరంగుగానే ఉంటుంది. కెమెరా మాత్రం చినుకు చినుకు చేరి చెరువు నిండినట్టు వెలుగును కూడబెట్టి, ఎరుపు చూపిస్తుంది. ఇప్పుడు హైడ్రోజన్ ఎరుపును మాత్రమే రానిచ్చే ఫిల్టరు పెట్టి, బెజవాడ దీపాల మధ్య నుంచి కూడా తీయవచ్చు.

అందుకని మీ అబ్బాయి రాత్రి డాబా మీద టెలిస్కోపు పెట్టుకుంటానంటే కసురుకోకండి. అమ్మాయి అడిగితే "ఆడపిల్లకి అర్ధరాత్రి డాబా ఏమిటి" అనకుండా, మీరూ ఓ దుప్పటి పట్టుకుని పక్కన కూర్చోండి.