సుహేలియు, తారిణియు

మన పశ్చిమతీరమున, ఇంచుమించుగా అర్ధశతాబ్దపు టెడముతో, రెండు తెరచాపనావలు పుట్టినవి. మొదటిది బొంబాయిలో 1960 తరువాతి యేండ్లలో టేకుకఱ్ఱతో కట్టబడిన ‘సుహేలి’. రెండవది గోవాలో కట్టబడి 2017 ఫిబ్రవరిలో భారత నౌకాదళమున జేరిన ‘తారిణి’. రెండును భూప్రదక్షిణము గావించి వచ్చినవే. వీనిని ప్రక్కప్రక్కన నుంచి చూచినచో నావల చరిత్రమే గాక మన సంఘచరిత్రమును గొంత తెలియగలదు.

సుహేలి పొడవు 32 అడుగులు మాత్రమే. దానికి రెండు తెరచాపకంబములు. ముందు వెనుకలు రెండును మొనదేలియుండును. నార్వే తీరమున తుపానులలో జిక్కినవారిని రక్షించుటకై యేర్పడిన పడవల రూపమున కిది వారసురాలు. బొంబాయి వడ్రంగులు దీనిని బాడిసలతో జెక్కి, త్రాటితో ద్రిప్పెడు బరమాలతో దొలిచి కట్టిరి. పారశీక సింధుశాఖలో వీచు ఆగ్నేయవాయువునకు అరబ్బు నావికు లిడిన పేరే దీనికి బెట్టబడెను.

ఈ నావలో రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ అను ఆంగ్ల నావికుడు 1968 జూన్ 14వ తేదీన ఇంగ్లండునందలి ఫాల్మత్ రేవు విడిచి, 1969 ఏప్రిల్ 22వ తేదీన అచ్చటికే తిరిగి వచ్చెను. ఆ 312 దినములును ఏ రేవునను నిలువలేదు; ఒంటరిగా నిట్లు భూమిని జుట్టివచ్చినవారిలో నతడే ప్రథముడు. ఆ పందెమునకు బయలుదేరినవారు తొమ్మండుగురు, ముగించిన వాడతడొక్కడే.

ఆ ప్రయాణము సుఖముగా సాగినది కాదు. అట్లాంటిక్ సముద్రమున నావ యడుగున నీరు చొరబడగా, అతడు నీట మునిగి పలకల సందులలో ప్రత్తి కూరి, పైన రాగిరేకు దాపెను. దాపున సొరచేప తిరుగాడుచుండగా దానిని తుపాకితో గాల్చి మరల నీటిలోనికి దిగెను. త్రాగునీటి తొట్టి పాడగుటచే వాననీటిపై నాధారపడెను. రేడియో మూగవోయెను. న్యూజీలండు దాటిన పిమ్మట నాలుగు నెలలకు బైగా అతడు జీవించియున్నాడో లేదో లోకమునకు దెలియదు.

ఇక తారిణి. దీని పొడవు సుమారు 56 అడుగులు. రూపకల్పన హాలండు దేశపువారిది. కట్టినవారు గోవా పనివారు. లోన కఱ్ఱ, దానికిరువైపుల గాజునార పూత, కంబ మొక్కటే. 2017 సెప్టెంబరు 10వ తేదీన గోవా విడిచి, ఆస్ట్రేలియా, న్యూజీలండు, ఫాక్‌లాండు ద్వీపములు, కేప్‌టౌను, మారిషస్‌లలో నాగి, 2018 మే 21వ తేదీన తిరిగివచ్చెను. మొత్తము 254 దినములలో సముద్రముపై గడచినవి 199. దాటిన దూరము సుమారు 21,600 సముద్రపు మైళ్లు.

క్రొత్తనావ యెంత వేగముగా బోయెనో యని లెక్కవేసితిని. సుహేలి దినమునకు సగటున 96 మైళ్లు, తారిణి 108 మైళ్లు. అర్ధశతాబ్దమున కలిగిన వృద్ధి యింతియే! సముద్రము వీనిలో క్రొత్తపాతల భేదమును బాటింపలేదు. సుహేలిని గాలివాటున దానంతట నడిపెడు యంత్రము ఆస్ట్రేలియా దాపున విరిగెను. తారిణి చుక్కాని యంత్రము చెడి, అనుకొనని మారిషస్ రేవున జేరవలసివచ్చెను.

అయిన నొక గొప్ప భేదము కలదు. తారిణికి కృత్రిమోపగ్రహముల మూలమున తీరముతో సంబంధము తెగలేదు. దీని విలువ ఆ 2018 సెప్టెంబరులోనే తేటపడెను. తారిణిని గట్టిన కర్మశాలయే సుహేలి రూపమున ‘తూరియ’ యను నావను గట్టగా, దానిలో నభిలాష్ టోమీ యను నావికుడు పందెమునకు బోయెను. దక్షిణ హిందూసముద్రమున తుపానులో కంబములు విరిగి, అతని వెన్నెముక దెబ్బతినెను. సందేశ మందుటచేతనే ఫ్రెంచి నావ యొకటి వెదకివచ్చి యతనిని గాపాడెను. నావ రూపము పాతది, వార్త పంపిన సాధనము క్రొత్తది. ప్రాణము నిలిపినది రెండవది.

ఇంతకంటె ముఖ్యమైన మార్పు నావలో గాదు, నావ నెక్కినవారిలో గలదు. సుహేలి బొంబాయినుండి ఇంగ్లండునకు బోయినపుడు దానిలో నున్నవారు నాక్స్-జాన్‌స్టన్, అతని తమ్ముడు, ఒక మిత్రుడు. మనవా రొక్కరును లేరు. మనకు నేర్పు లేకపోలేదు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు కంబముల యోడ నేటికిని గానవచ్చుచున్నది. జాలరులును, లస్కరులును సముద్రమును విడువనే లేదు. కాని బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పతనహేతువులలో జేర్చెను. 1888లో గాంధీ ఇంగ్లండునకు బయలుదేరగా కులమువారు వెలివేసిరి. మగవారి కిట్లున్నచోట ఆడువారి మాట చెప్పనేల?

తారిణి నెక్కినవా రార్గురును స్త్రీలే. వర్తికా జోషి నాయకురాలు. ఐశ్వర్య బొడ్డపాటి హైదరాబాదువారు, పి. స్వాతి విశాఖపట్టణమువారు. వీరికి విద్య గఱపిన దిలీప్ దోందే, 2009-10లో ‘మాదేయి’ యను నావపై నొంటరిగా భూప్రదక్షిణము చేసిన ప్రథమ భారతీయుడు. అంతకు ముందు ఇంగ్లండునకు బోయి నాక్స్-జాన్‌స్టన్ చెంత బనిచేసి నేర్చినవాడు. బొంబాయి పనివారి చేతులనుండి వెడలిన నావ సంపాదించిన జ్ఞాన మీ విధమున మరల మన తీరమున జేరి, మన యాడుబిడ్డల చేతికి వచ్చినది. 2024-25లో దిల్నా, రూపా యను నిరువురే అదే తారిణిపై మరల భూమిని జుట్టివచ్చిరి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్టణముల సముద్రమును జూడబోయిన బాలికలు నా తరగతిలో ననేకులు. ఈత వచ్చునా యని యడిగినపుడు లేచిన చేతులు రెండో మూడో. అన్నదమ్ములకు చెరువున నీత నేర్పిన తండ్రులే వీరి తండ్రులును. సముద్రమును నిషేధించిన సూత్రము నేడు మన యిండ్ల నెవరును జదువరు. దాని యాజ్ఞమాత్ర మింకను జెల్లుచున్నది. వచ్చు వేసవిలో మగపిల్లవానితోపాటు ఆడుపిల్లను గూడ నీట దింపుడు.